గాలిజ్వరమూ – గాలిమాటా

అనంతపురం పీఠభూమి తన కరవులను పేరుపెట్టి పిలుచుకొన్న నేల. 1876లో ఆరంభమైన మహాక్షామాన్ని ఇక్కడి పెద్దలు తరతరాలుగా "ధాత కరవు" అన్నారు. ఏ సంవత్సరంలో ఆకాశం మోసగించిందో ఆ సంవత్సరం పేరే కరవుకు పేరయింది. రోగాలకూ ఇక్కడ పేర్లున్నవి. పేర్లే కాదు, వాటికి దేవతలు కూడా ఉన్నారు. మశూచికం వస్తే "అమ్మవారు పోసింది" అన్నారు. వాంతిభేది వస్తే మారెమ్మకు మొక్కుకొన్నారు. ఎలుకలు రాలితే అది ప్లేగు అని పసివానికి కూడా తెలిసేది. కాని కాళయుక్తి సంవత్సరంలో, అనగా 1918లో, మూడు నాలుగు నెలలలోనే దేశాన్ని ఊడ్చిపోయిన ఫ్లూ జ్వరానికి ఈ సీమలో నిలిచిన పేరు లేదు. దానికి దేవత లేదు, జాతర లేదు. సీమ కరవును గూర్చి 1956లో విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" వ్రాశారు. ఆ జ్వరానికి అటువంటి పాట దక్కలేదు.

ఒక అంటురోగం వ్యాపిస్తున్నప్పుడు ప్రజలు ఎట్లా ప్రవర్తిస్తారు అన్న ప్రశ్నకు ఈ మరపులోనే సగం సమాధానమున్నది. పేరు తెలియని శత్రువును జనం రెండు విధాలుగా చూస్తారు. అది దూరాన ఉన్నంతవరకు "జలుబే గదా" అని నవ్వుతారు. వాకిట్లోకి వచ్చిన తరువాత ఎవరు ఏది చెప్పినా నమ్ముతారు. ఫ్లూ జ్వరం గాలిలో వస్తుంది. దానికంటె ముందు గాలిమాట వస్తుంది. మొదటిదాని మూలం కనుగొనడానికి శాస్త్రజ్ఞులకు దశాబ్దాలు పట్టింది. రెండవదానికి మందు ఏ ప్రయోగశాలలోను తయారు కాదు. నమ్మదగిన మనిషి నోట సకాలంలో వెలువడిన నిజమే దానికి మందు. ఈ నూరేండ్లలో ఫ్లూ వచ్చిన ప్రతిసారీ తెలుగునేల నేర్చుకొని, మళ్ళీ మరచిన పాఠం ఇదే.

ఇన్‌ఫ్లుయెంజా అన్నది ఇటలీ భాషలోని మాట. ప్రభావమని దాని అర్థం. నక్షత్రాల ప్రభావం వలన రోగాలు పుడుతవని పూర్వం ఐరోపావారు నమ్మేవారు. మన పల్లెలలో అంతుచిక్కని జబ్బు చేసిన మనిషిని చూచి "గాలి సోకింది" అంటారు. ఈ రెండు మాటలలో పల్లెటూరి మాటే సత్యానికి కొంత దగ్గర. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వెలువడే సన్నని తుంపరలతో పాటు రోగబీజం గాలిలోకి చేరి, ప్రక్కవారి ముక్కులోకి, గొంతులోకి పోతుంది. గాలి సోకడమంటే ఇక్కడ అక్షరాలా అదే. ఆ గాలిలో ఉన్నది దయ్యం కాదు, వైరస్ అని మానవుడు నిర్ధారణ చేసుకొన్నది 1933లో. లండనులో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ సంవత్సరం మనుషుల ఫ్లూకు కారణమైన వైరస్‌ను వేరుచేయగలిగారు. అనగా 1918లో ప్రపంచమంతా తనను చంపుతున్నదేమిటో తెలియకుండానే చచ్చింది.

ఆ నాటి అనంతపురం జిల్లాను ఒకసారి తలచుకోవాలి. రాయలసీమ అన్న పేరు అప్పటికి పుట్టలేదు. అది 1928లో నంద్యాల సభలో వచ్చింది. అంతకుముందు ఇవి దత్తమండలాలు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోగా, ఈశాన్యపు వాన తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోగా, రెండు ఋతుపవనాలకూ ఎడమైన నేల ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన ఇక్కడ మంచి వాన. 1918లో నైరుతి ఋతుపవనం దేశంలో చాలాచోట్ల విఫలమయింది. నాలుగేండ్లుగా సాగుతున్న మహాయుద్ధం వలన ధాన్యం, గుడ్డ, కిరసనాయిలు ధరలు అప్పటికే పెరిగి ఉన్నవి. కొర్రలు, జొన్నలు, రాగులు పండవలసిన చేలు ఎండిపోయినవి. సరిగా ఆ సమయంలో జ్వరం వచ్చింది. "కరవులో అధికమాసం" అన్న సామెతకు ఇంతకంటె భయంకరమైన అర్థం మరొకటి ఉండదు.

జ్వరం వచ్చిన దారి రైలుదారి. 1918 జూన్ 10వ తేదీన బొంబాయిలో పోలీసు సిపాయిలు ఏడుగురు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. వారు కాపలా కాసినది ఓడరేవు ప్రాంతంలో. వేసవి చివర వచ్చిన ఆ మొదటి అల తేలికగానే పోయింది. సెప్టెంబరులో లేచిన రెండవ అల వేరు. అక్టోబరు 6వ తేదీ ఒక్కనాడే బొంబాయి నగరంలో 768 మంది మరణించారు. బొంబాయి నుంచి మద్రాసుకు పోయే ఇనుపదారి రాయచూరు మీదుగా గుంతకల్లు చేరి, గుత్తి, తాడిపత్రి మీదుగా కడప వైపు సాగుతుంది. గుంతకల్లు నుంచి ఒక శాఖ బళ్ళారికి, మరొకటి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరికి పోతుంది. కరవునాడు ధాన్యం తెచ్చే ఉపకారి అని పేరుపొందిన రైలే ఈసారి రోగిని కూడా తెచ్చింది. జ్వరం దేశంలో నలుమూలలకూ పాకడంలో రైలుదే ముఖ్యపాత్ర అని ఆనాటి ఆరోగ్యాధికారులు కూడా గుర్తించారు.

ఆ జ్వరానికి ఒక విపరీత లక్షణముండేది. సాధారణంగా ఇటువంటి రోగాలు ముసలివారిని, పసిబిడ్డలను ముందు తీసుకుపోతవి. 1918 జ్వరం 20 ఏండ్లకు, 40 ఏండ్లకు నడుమనున్న వారిని, అనగా నాగలి పట్టే చేతిని, పొయ్యి వెలిగించే చేతిని ఎంచి తీసుకుపోయింది. మన దేశంలో పురుషులకంటె స్త్రీలు ఎక్కువగా మరణించారు. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. అందరికీ సేవచేసినది ఆమె. అందరూ తిన్న తరువాత మిగిలినది తిన్నదీ ఆమె. దేశం మొత్తంమీద మృతుల సంఖ్య కోటి ఇరవై లక్షలకు తక్కువ లేదని పరిశోధకుల అంచనాలు. కొందరు దానిని కోటి ఎనభై లక్షల దాకా తీసుకుపోయారు. మరే దేశంలోను ఇంతమంది పోలేదు. నేటి భారతదేశపు సరిహద్దులలోని జనసంఖ్య 1911లో 25 కోట్ల 21 లక్షలు; 1921లో 25 కోట్ల 13 లక్షలు. జనాభా లెక్కలు మొదలైన తరువాత పదేండ్లకు జనం పెరగకపోగా తగ్గిన దశాబ్దం అది ఒక్కటే. మద్రాసు రాజధానిలో ఆ తరుగుదల స్పష్టంగా కనబడినది దక్కను జిల్లాలలో, అనగా కరవూ జ్వరమూ కలసి వచ్చిన ఈ మెట్టసీమలో.

రోగం అందరికీ వచ్చింది. చావు అందరికీ సమానంగా రాలేదు. బొంబాయి నగరపు లెక్కలు ఈ విషయాన్ని నిర్మొహమాటంగా చెబుతున్నవి. అక్కడ ఐరోపావారిలో వేయిమందికి 8 మంది చొప్పున పోతే, నిమ్నకులాలుగా లెక్కలో వ్రాసినవారిలో వేయిమందికి 61 మంది పోయారు. ఊరు ఒకటే, గాలి ఒకటే. తేడా గది వెడల్పులో, కంచంలోని అన్నంలో, దగ్గర కూర్చుండి నీళ్ళు తాగించే మనిషి ఉండడంలో ఉన్నది. జ్వరానికి లంఘనమే పరమౌషధమన్నది తెలుగింటి పాతమాట. తిండి సమృద్ధిగా ఉన్న ఇంటిలో ఆ మాటకు ఒక అర్థముండవచ్చు. నెలల తరబడి బలవంతపు లంఘనాలు చేసిన శరీరానికి మరొక లంఘనం ఔషధమెట్లా అవుతుంది? ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచంపట్టిన గుడిసెలో రోగికి కావలసినది అపురూపమైన మందు కాదు. కాచిన నీళ్ళు, కాస్త గంజి, రెండు మూడు రోజుల విశ్రాంతి. ఎండిన బావుల సీమలో ఆ ఏడు ఆ మూడే దొరకలేదు.

ఇక ప్రజల ప్రవర్తన సంగతి. ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన విచిత్రమొకటి ఉన్నది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైనప్పుడు ప్రభుత్వం సైనికులను ఇళ్ళలోకి పంపింది. 1897లో అంటురోగాల చట్టం తెచ్చింది. రోగులను బలవంతంగా వేరుచేసింది. జనం మండిపడ్డారు. పూనాలో ప్లేగు అధికారి హత్యకు గురైనది ఆ సంవత్సరమే. 1918 సెప్టెంబరులో ధాన్యం ధరలు భరింపరానివైనప్పుడు మద్రాసు నగరంలో జనం కొట్లను దోచుకొన్నారు. ఆ అలజడి ఇతర జిల్లాలకూ ప్రాకింది. కాని ఆ వెంటనే, ఆ రెంటినీ మించిన ప్రాణనష్టం జరిగినప్పుడు ఎక్కడా కేక వినబడలేదు. ఇల్లు సోదా చేయడానికి వచ్చిన సైనికుడు కంటికి కనబడతాడు. ధర పెంచిన షావుకారు కంటికి కనబడతాడు. ఫ్లూకు ముఖం లేదు. కోపానికి ఎదురుగా నిలబెట్టడానికి ఒక మనిషి దొరకనప్పుడు జనం తలవంచుకొని మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని కొందరు కర్మసిద్ధాంతమని వ్యాఖ్యానించారు. నిజానికి మాట్లాడవలసినవారే మంచంమీద ఉన్నారు.

ముఖం లేని శత్రువుకు జనం ఒక ముఖం తగిలించడానికి ప్రయత్నిస్తారు. మన దేశంలో దీనిని బొంబాయి జ్వరమన్నారు. ప్రపంచం స్పెయిను జ్వరమన్నది. యుద్ధంలో ఉన్న దేశాలు తమ పత్రికల నోరు నొక్కినవి. యుద్ధంలో లేని స్పెయిను పత్రికలు తమ రాజుకు జ్వరం వచ్చిన సంగతితో సహా ఉన్నదున్నట్లు వ్రాసినవి. నిజం చెప్పిన నేరానికి రోగం ఆ దేశం పేరున స్థిరపడింది. ఆ స్పెయినులోనే పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురానికి వచ్చి, ఈ కరవుసీమ బీదలకోసం గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆ సంస్థ బత్తలపల్లిలో నడిపిన ఆసుపత్రి 2020లో కోవిడ్ రోగులకు ఆశ్రయమయింది. రోగానికి ఊరి పేరో, దేశం పేరో తగిలించేవారు ఈ ఒక్క ఉదాహరణను జ్ఞాపకముంచుకొంటే చాలును.

పాత ఆచారాలన్నీ మూఢత్వమని తీసిపారవేయడం కూడా న్యాయం కాదు. మశూచికం వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవారు. ఆ ఇంటికి పరాయివారు పోకూడదు. ఇంటివారు ఇతరుల ఇండ్లకు రాకూడదు. అమ్మవారి పేరిట జరిగినది నిజానికి రోగిని వేరుగా ఉంచడమే. ప్లేగునాడు ఎలుకలు రాలగానే జనం ఊరు విడిచి చేలలో గుడిసెలు వేసుకొన్నారు. అదికూడా తెలివైన పనే, ఎందుకంటే ప్లేగు ఎలుకలమీది గోమార్ల వలన వచ్చేది. ఎలుకల ఇంటిని వదిలితే రోగాన్ని వదిలినట్లే. కాని ఫ్లూను మోసేది మనిషి. ఊరు విడిచి చుట్టాల ఊరికి పోయినవాడు రోగాన్ని మూటగట్టుకొని పోయినట్లే. ఒక రోగానికి పనికివచ్చిన ఉపాయం మరొక రోగానికి అపాయమవుతుంది. కారణం తెలిసినప్పుడే ఆచారానికి కన్ను ఉంటుంది. తరగతిలో సామాన్యశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూపితే, కార్యకారణ సంబంధమంటే ఏమిటో పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

నిర్లక్ష్యం చదువురానివారి సొత్తని అనుకోవడం పొరపాటు. 1918 సెప్టెంబరు 28వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో యుద్ధఋణాల ప్రచారానికి పెద్ద ఊరేగింపు జరిపారు. నగరంలో జ్వరం అప్పటికే ప్రవేశించిందని తెలిసినా అధికారులు దానిని ఆపలేదు. సుమారు రెండు లక్షలమంది గుమికూడారు. కొన్ని రోజులలోనే ఆసుపత్రులు నిండిపోయి, శవాలను పూడ్చేవారు కరవయ్యారు. సెయింట్ లూయీ నగరంవారు పాఠశాలలను, నాటకశాలలను ముందుగానే మూసివేసి ఆ దెబ్బను చాలవరకు తగ్గించుకొన్నారు. పసిఫిక్ మహాసముద్రంలో సమోవా దీవుల కథ ఇంకా స్పష్టమైనది. 1918 నవంబరు 7వ తేదీన పశ్చిమ సమోవా రేవుకు వచ్చిన ఒక ఓడను అధికారులు నిరాటంకంగా లోనికి రానిచ్చారు. అక్కడి జనంలో ఐదవవంతు పోయారు. ప్రక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో ఓడలను కట్టడి చేశారు. అక్కడ ఒక్కరూ ఆ జ్వరంతో పోలేదు. విధి ఒకటే అయితే ఈ రెండు దీవుల తలవ్రాతలు వేరు కానేల?

1957లో ఫ్లూ మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త రకం వైరస్ తూర్పు ఆసియాలో పుట్టి, మే నెలలో సింగపూరు వైపు నుంచి వచ్చిన ఓడతో మద్రాసు రేవు చేరింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాదైనా కాలేదు. కాని 1918కి, 1957కి నడుమ లోకం మారింది. కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం అప్పటికే పనిచేస్తున్నది. ఫ్లూ వెంట వచ్చే ఊపిరితిత్తుల వాపుకు పెనిసిలిన్ వంటి మందులు చేతికి వచ్చినవి. దేశంలో 1958 ఫిబ్రవరి దాకా లెక్కకు వచ్చిన రోగులు సుమారు 44 లక్షల మంది. మరణాలు సుమారు 1,100. లెక్కకు రాని పల్లెలు ఎన్నో ఉండవచ్చును. వైరస్ కూడా మునుపటంత క్రూరమైనది కాదు. అయినా 1918తో పోల్చితే ఈ తేడా మంత్రం వలన రాలేదు, విజ్ఞానం వలన, వైద్యం వలన వచ్చింది. దాని ఫలితంగా ఒక దుష్ఫలితం కూడా కలిగింది. ఫ్లూ అంటే "మందు వేసుకొంటే వారం, వేసుకోకుంటే ఏడు రోజులు" అన్న పరిహాసమే జనం నోట మిగిలింది.

ఆ పరిహాసం 2009లో మాయమయింది. పందుల ఫ్లూ అని పేరుపడిన కొత్త రకం ఆ ఏడు మే నెలలో మన దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయినది హైదరాబాదులోనే, విదేశం నుంచి వచ్చిన ఒక యువకునిలో. ఆగస్టులో పూనాలో తొలి మరణం సంభవించగానే పరీక్షలకోసం ఆసుపత్రుల ముందు బారులు తీరినవి. ముఖానికి కట్టుకొనే మాస్కులు దుకాణాలలో దొరకలేదు. 2015లో అదే జ్వరం మళ్ళీ విజృంభించి, దేశంలో సుమారు 42 వేలమందికి సోకి, దాదాపు 3 వేలమందిని బలిగొన్నది. ఆ నాళ్ళలో కర్పూరం, యాలకులు గుడ్డలో మూటగట్టి వాసన చూస్తే జ్వరం దగ్గరకు రాదన్న మాట సెల్‌ఫోనులలో ఊరూరా తిరిగింది. ఆ మూటలు జేబులో వేసుకొన్నవారిలో పట్టభద్రులు తక్కువేమీ కాదు. మూట వలన ప్రత్యక్షంగా హాని లేకపోవచ్చు. మూట ఉన్నదన్న ధైర్యంతో చేతులు కడుక్కోకపోవడం, జ్వరంతోనే పెండ్లికి పోవడం – హాని అక్కడ ఉన్నది.

2020లో వచ్చినది ఫ్లూ కాదు, కరోనా జాతికి చెందిన మరొక వైరస్. ప్రజల ప్రవర్తన మాత్రం పాత అచ్చులో పోసినట్లే ఉన్నది. ముందు కోడిమాంసంపై పుకారు పుట్టింది. కోళ్ళు పెంచేవారు నష్టపోగా, ఆ ఫిబ్రవరిలో హైదరాబాదులో మంత్రులే వేదికపై కోడికూర తిని చూపవలసివచ్చింది. మార్చిలో దేశం తలుపులు మూసుకోగానే తెలుగు పల్లెలు పొలిమేరలలో ముళ్ళకంపలు అడ్డం వేసినవి. బెంగుళూరుకు, కేరళకు కూలికి పోయి తిరిగివచ్చిన సొంత బిడ్డలను ఊరు కొంతకాలం అనుమానంగా చూచింది. కరవు తరిమితే ఊరు విడిచినవారు, రోగం తరిమితే ఊరికి వచ్చారు. ఎక్కడికి పోయినా వారే పరాయివారయ్యారు. ముళ్ళకంప వేసిన చేతిని దూషించి ప్రయోజనం లేదు. అది వేపమండ కట్టిన చేయే. కాని వేపమండ కట్టిన ఇంటికి గడప దగ్గర అంబలి పెట్టిపోయే పొరుగువారుండేవారు. అంబలి మానివేసి కంప మాత్రమే వేస్తే ఆచారంలోని ప్రాణం పోయి ముల్లు మిగులుతుంది.

ఈ సందర్భంలో పట్టణవాసులు తరచుగా చేసే ఆరోపణ ఒకటి ఉన్నది: పల్లెజనానికి జ్వరమంటే లెక్కలేదు, పడుకొమ్మంటే పడుకోరు అని. దానికి సమాధానం పల్లెలోనే ఉన్నది. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2వ తేదీన దేశంలో మొదట ప్రారంభమైనది ఈ అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఎండుభూముల కూలివానికి ఒక్కొక్క పనిదినం ఎంత విలువైనదో ఆ ఎంపికే చెబుతుంది. వేరుశెనగ పీకే రోజులలో మూడునాళ్ళు మంచంలో ఉండుమని చెప్పడమంటే మూడునాళ్ళ కూలి వదలుకొమ్మని చెప్పడం. అతనిది తెలియమి కాదు, తీరికలేమి. విశ్రాంతిని మందుగా వ్రాసే వైద్యుడు, ఆ మందు ధర ఎవరు చెల్లిస్తారో కూడా ఆలోచించాలి. 1918లో గంజి దొరకక పోయినవారికి, నేడు కూలి పోతుందని లేచి పనికి పోయేవారికి నడుమ నూరేండ్ల దూరమున్నా, వారు నిలిచిన నేల ఒకటే.

మరి పాఠశాల చేయగలిగిన పనేమిటి? ఫ్లూ త్వరగా వ్యాపించే చోట్లలో తరగతిగది ఒకటి. నిజం త్వరగా వ్యాపించే చోటు కూడా అదే. బడిలో చెప్పిన మాట సాయంకాలానికి ఊరిలోని ప్రతి ఇంటికీ చేరుతుంది. కనుక ఆ మాట సరిగా ఉండాలి. జ్వరం, దగ్గు ఉన్న పిల్లవాడు ఇంటివద్ద ఉండాలి. ఎందుకంటే లక్షణాలు కనబడడానికి ఒకరోజు ముందునుంచి ఐదారు రోజుల తరువాత వరకు అతనినుంచి ఇతరులకు సోకవచ్చును. కిటికీలు తెరచి ఉంచాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బడిలో నీరు లేనప్పుడు ఆ ఉపదేశం హాస్యాస్పదమవుతుంది గనుక ముందు నీటి ఏర్పాటు చూడాలి. ఆయాసం, ఛాతీనొప్పి, మగత కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. గర్భిణులకు, వృద్ధులకు, ఉబ్బసం, మధుమేహం వంటి దీర్ఘవ్యాధులున్నవారికి ప్రమాదం ఎక్కువ. వైరస్ ఏటేటా వేషం మార్చుకొంటుంది కనుక టీకా కూడా ఏటేటా మార్చి వేయవలసివస్తుంది. నిరుటి టీకా పనిచేయలేదని చెప్పే గాలిమాటకు ఇదే జవాబు.

ఇంకొక చిన్న విషయం. అనేక పాఠశాలలలో ఏడాది పొడవునా ఒక్కరోజైనా మానని విద్యార్థికి పూర్తిహాజరు బహుమతి ఇచ్చే వాడుక ఉన్నది. ఉద్దేశం మంచిదే. కాని ఆ బహుమతికోసం ఒళ్ళు కాలుతున్నా బడికి వచ్చి బెంచీపై తలవాల్చుకొన్న బాలుడు తనతోపాటు తరగతి మొత్తానికి జ్వరం పంచుతాడు. జ్వరంవల్ల మానిన రోజును లోపంగా లెక్కించని నియమమొకటి చేరిస్తే, ఆ బాలుడు నేర్చుకొనేది క్రమశిక్షణ మాత్రమే కాదు, పొరుగువాని క్షేమం కూడా. సంఘధర్మమనే పెద్దమాటకు పిల్లవానికి అర్థమయ్యే ఉదాహరణ ఇదే.

ఉపాధ్యాయుడు చెప్పవలసినదానిలో కష్టమైన భాగం మరొకటి. కొత్త జ్వరం వచ్చిన తొలినాళ్ళలో శాస్త్రానికి కూడా అన్నీ తెలియవు. నేడు చెప్పినది రేపు మారవచ్చును. ఆ మార్పును చూపి "వీరి మాట నమ్మరాదు" అనే గాలిమాట పుడుతుంది. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, మారినప్పుడు ఎందుకు మారిందో వివరించే మనిషినే జనం చివరిదాకా నమ్ముతారు. భయపడవద్దని మాత్రమే చెప్పేవానిని, మొదటి శవం లేచిన మరునాడు ఎవరూ నమ్మరు. 1918లో యుద్ధరంగపు ప్రభుత్వాలు చేసిన తప్పు ఇదే; జనం ధైర్యం చెడుతుందని నిజాన్ని దాచినవి, చివరకు నిజంతోపాటు నమ్మకాన్నీ పోగొట్టుకొన్నవి.

1918 జ్వరాన్ని కళ్ళారా చూచినవారు ఈనాడు ఈ సీమలో లేరు. వారితోపాటు వారి మాటలూ పోయినవి. 2020ని చూచినవారు ప్రతి ఇంటిలోనూ ఉన్నారు. ఊరి పొలిమేరలో కంప ఎవరు వేశారు, ఎవరు తీశారు. బెంగుళూరు నుంచి నడచి వచ్చినవారికి ఏ ఇంటివారు అన్నం పెట్టారు. ఏ పుకారు ఎన్నాళ్ళు నిలిచింది, ఎవరి మాటతో ఆగింది – ఈ సంగతులు పిల్లలచేత పెద్దలను అడిగించి, ఒక నోటుపుస్తకంలో వ్రాయించి, బడి బీరువాలో భద్రపరచడం ఏ ఉపాధ్యాయునికైనా సాధ్యమయ్యే పని. ధాత కరవును తలచుకొన్నందువలననే ఈ నేలమీది రైతు ఇంటిలో పాతర త్రవ్వి గింజ దాచడం మరువలేదు. మళ్ళీ ఎప్పుడో ఒకనాడు గాలిజ్వరం రాకమానదు. ఆనాడు ఆ నోటుపుస్తకం తీసి చదువుకొనే పిల్లలకు, గాలిమాటను గుర్తుపట్టడం కొంతైనా తేలికవుతుంది.